ఆఫీసు స్పీడు

మొన్నటిదాకా ఆ ఆట నేనెప్పుడూ ఆడలేదు. దాని స్పీడు తగ్గించడమే నా పని. తగ్గిస్తున్నట్టు లూర్దుకు తెలియకూడదు. అంతే.

లూర్దు అంటే లూర్దమ్మ, నా భార్య. కోలారు బంగారు గనులు నడిచిన కాలంలో స్టోర్స్ ఆఫీసులో టైపిస్టు. నేను లోపల వించి నడిపేవాణ్ణి. భూమి కింద రాళ్ళ ట్రాలీలను ఇనుప తాడుతో లాగే చిన్న యంత్రం అది. మూడో క్లాసుతో బడి మానేసినవాడికి అది చాలా మంచి పని. ఆమె ఎస్సెల్సీ పాసు, ఆ పైన టైపు పరీక్ష కూడా పాసు. ఆమె మాట్లాడేది, నేను వినేవాణ్ణి. ఇంట్లో మాటల కొరత ఉండేది కాదు.

ఆఫీసులో టైపు మిషన్లు పోయి కంప్యూటరు వచ్చినప్పుడు అందులో ఒక ఇటుకల ఆట ఉండేదట. పైన రంగురంగుల ఇటుకల వరసలు. కింద ఒక చిన్న పలక. రెండు మీటలతో ఆ పలకను ఎడమకి, కుడికి జరపాలి. బంతి వచ్చి పలకను తాకితే పైకి పోయి ఒక ఇటుకను పగలగొడుతుంది. పలక అందకపోతే బంతి కింద పడిపోతుంది. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే లూర్దు టిఫిన్ డబ్బా గబగబా ఖాళీ చేసి ఆ ఆటకు కూర్చునేది. క్లర్కులందరి పేర్ల పైన ఆమె పేరే ఉండేదట. ఇంటికి వచ్చి ఆ సంగతి నాకు చెప్పేది. నేను ఊ కొట్టేవాణ్ణి. గనులు మూసేశాక ఆ కంప్యూటరు పాత ఇనుముతో పాటు ఎటో పోయింది.

చాలా ఏళ్ళ తర్వాత లూర్దు చేతులు వణకడం మొదలైంది. మొదట కాఫీ తొణికింది. తర్వాత దారం సూదిలోకి ఎక్కలేదు. కోలారులో పెద్ద డాక్టరుకు చూపించాం. ఇది తగ్గే జబ్బు కాదు, మందులతో కొంచెం ఆపి పెట్టుకోవచ్చు, వేళ్ళకు పని చెబుతూ ఉండండి అన్నాడు. అప్పుడు మా అమ్మాయి సోనియాకు ఈ ఆట గుర్తొచ్చింది. సోనియా రోజూ పొద్దున మారికుప్పంలో రైలెక్కి బెంగళూరుకు పోతుంది, చీకటి పడ్డాక వస్తుంది. వాళ్ళ కంపెనీలో పక్కన పడేసిన పాత లాప్‌టాప్ ఒకటి అడిగి తెచ్చింది. ఆటను నెట్‌లో వెతికి పట్టుకుంది.

మొదటిసారి ఆట పెట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను. బంతి కనబడనే లేదు. టప్ టప్ టప్ అని శబ్దం వచ్చింది, ఆట అయిపోయింది.

“ఏమే ఇది? ఆటనా, మెరుపా?” అంది లూర్దు.

“ఈ ఆటకు గడియారం తెలీదమ్మా,” అంది సోనియా. “మిషను ఎంత స్పీడు ఉంటే అంత స్పీడుగా పరిగెత్తుతాది. మీ ఆఫీసు కంప్యూటరు నిదానం, ఇది చానా స్పీడు. అందుకని మధ్యలో ఇంకొక ప్రోగ్రాము పెట్టినా. ఎమ్యులేటర్ అంటారు. అది ఈ లాప్‌టాప్‌ను పాత కంప్యూటరు మాదిరి నడిపిస్తాది. ఎంత స్పీడు కావాల్నో మనమే చెప్పొచ్చు.”

కింది మూల మీట ఒకటి పట్టుకొని పై వరసలో ఒక మీట నొక్కితే స్పీడు తగ్గుతుంది, దాని పక్కది నొక్కితే పెరుగుతుంది. సోనియా తగ్గిస్తూ పోయింది. లూర్దు పలకను జరుపుతూ “ఇంగా... ఇంగా రవ్వంత... ఆపు! ఇదే. మా ఆఫీసు స్పీడు ఇదే,” అంది.

“అంత కరెక్టుగా ఎట్ల చెప్తావుమా?”

“నాకేం తెలుసు. వేళ్ళను అడుగు.”

సోనియా ఆ స్పీడునే అందులో రాసిపెట్టింది. రాసిపెట్టడం అంటే ఏమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు, నేను అడగలేదు. తగ్గించే మీట మీద తన గోళ్ళ రంగుతో ఒక ఎర్రచుక్క పెట్టి, “అప్పా, అమ్మకు ఎప్పుడన్నా కష్టమైతే ఇది నొక్కు,” అంది.

రోజూ మధ్యాహ్నం భోజనం అయ్యాక లూర్దు ఆటకు కూర్చునేది. నేను పక్కన స్టూలు మీద. ఆమె ఆడుతూ మాట్లాడేది. స్టోర్స్ ఆఫీసరు విగ్గు సంగతి, బంగారం తీసేసిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బల దుమ్ము లేచిన రోజు టైపు కాగితాలన్నీ తెల్లబడిన సంగతి. ఆడేటప్పుడు ఆమె చేతుల వణుకు కొంచెం ఆగినట్టు కనిపించేది. నాకు అదే చాలు.

వానలు పట్టాక బంతులు పడిపోవడం ఎక్కువైంది. ఆమె పలకను జరిపేది, కానీ చెయ్యి బయలుదేరేసరికే ఆలస్యం.

“కళ్ళజోడు మార్చాల,” అనేది. ఇంకొక రోజు, “ఈ మీటలు గట్టిబడినాయి,” అనేది. ఒకరోజు ఏమీ అనలేదు. ఆ రాత్రి అన్నం సగంలో వదిలేసింది.

మర్నాడు ఆమె లోపలి గదిలో మాత పటం ముందు జపమాల తిప్పుతూ ఉంది. నేను లాప్‌టాప్ తెరిచి ఎర్రచుక్క మీట ఒక్కసారి నొక్కాను. ఆ మధ్యాహ్నం ఆమె ఇటుకలన్నీ పగలగొట్టింది. కొత్త వరసలు వచ్చాయి. “చూసినావా!” అని నా తొడ మీద కొట్టింది. ఆ రోజు అన్నం మళ్ళీ అడిగి వేయించుకుంది.

అలా మొదలైంది.

వించి నడిపినవాడికి ఒక సంగతి తెలుసు. లివరు ఒక్కసారి లాగితే తాడు ఎగురుతుంది, ట్రాలీలో ఉన్నవాడికి తెలిసిపోతుంది. వెంట్రుక వాసి లాగి, ఆగి, మళ్ళీ వెంట్రుక వాసి లాగితే ఎవరికీ తెలియదు. నేను అలాగే తగ్గించాను. రెండు మూడు రోజులు చూసేవాణ్ణి. బంతులు ఎక్కువగా పడిపోతే, ఆమె జపానికి లోపలికి పోయినప్పుడు ఒకసారి నొక్కేవాణ్ణి. ఆట పూర్తయ్యాక ఆపేవాణ్ణి కాదు, లాప్‌టాప్ మూత మూసి పెట్టేవాణ్ణి. మళ్ళీ తెరిస్తే ఎక్కడ వదిలానో అక్కడే ఉండేది. ఆట చివర పాట ఒకటి వచ్చేది. స్పీడు తగ్గేకొద్దీ ఆ పాట సాగి ఏడుపులా వినబడుతుంటే శబ్దం ఆపేశాను. స్పీకరు పాడైందని చెప్పాను. పెళ్ళయినప్పటి నుంచి నేను చెప్పిన మాటలే తక్కువ, అందులో అబద్ధాలు ఇంకా తక్కువ. ఆమె నమ్మిందనే అనుకున్నాను.

ఒకసారి డెన్నిస్ వచ్చాడు. గనిలోకి దిగే షాఫ్టు పైన బెల్లు కొట్టేవాడు, ఇప్పుడు సాయంత్రం టీకి మా ఇంటికి వస్తాడు. ఆ రోజు తొందరగా వచ్చి లూర్దు వెనక నిలబడ్డాడు.

“ఏంది లూర్దక్కా, ఈ బంతి నిండు చూలాలి మాదిరి నడుస్తాండాది?”

“డెన్నిసూ, టీ పొడి అయిపోయింది. తెద్దువు రా,” అని భుజం పట్టి వాకిలి వైపు తిప్పాను.

“టీ తాగేదానికి వస్తే టీ పొడి తెమ్మంటావా? బాగుండాది నీ మర్యాద!”

“పోయిరా డెన్నిసూ,” అంది లూర్దు తెర మీది నుంచి కన్ను తిప్పకుండా. “నువ్వుంటే బంతి సిగ్గుపడతాది.”

వాకిట్లోకి వచ్చాక డెన్నిస్ నా ముఖం చూశాడు. “నువ్వేనా?” అన్నాడు. తల ఊపాను. “చెప్పరాదా ఆమెకు?” అన్నాడు. ఏమని చెప్పాలి? చేతులు పోతున్నాయని ఆమెకు నేను చెప్పాలా? డెన్నిస్ నిజంగానే పోయి టీ పొడి తెచ్చాడు.

క్రిస్మస్ దాటింది. లూర్దు మాట కూడా నెమ్మదించింది. ఒక్కొక్క మాట నోట్లో కాసేపు నిలిచి బయటికి వచ్చేది. నవ్వడం కూడా అంతే. నవ్వు కళ్ళలోకి ముందు వచ్చేది, పెదాలకు తర్వాత. ఆడుతూ చెప్పే కబుర్లు తగ్గాయి. మధ్యాహ్నాలు నిశ్శబ్దంగా ఉండేవి. నేను మాట్లాడడం నేర్చుకుని ఉంటే బాగుండేది.

మొన్న గురువారం పొద్దుటి నుంచి కరెంటు లేదు. లైన్ల పని చేస్తున్నారట. మధ్యాహ్నం మందుల కోసం రాబర్ట్‌సన్‌పేట పోయాను. ఒక మందు మొదటి అంగట్లో లేదు, రెండో అంగట్లో లేదు. అది దొరికి, బస్సు పట్టుకొని వచ్చేసరికి పొద్దు వాలింది. మా సందు మలుపులో పక్కింటి కోడలు పవిత్ర ఎదురైంది.

“అంకుల్, యాడికి పోయినారు ఇంతసేపు? ఆంటీ పిలిస్తే పోయినా. లాప్‌టాప్ చచ్చిపోయి ఉండె. కరెంటు వచ్చినంక చార్జింగు పెట్టి, ఆన్ చేసి, ఆట పెట్టిస్తిని. సరిగ్గా పెట్టినానో లేదో. చానా స్పీడుగా పోతాండాది.”

ఇంటి వైపు గబగబా నడిచాను.

వించి లివరు ఎక్కడ వదిలితే అక్కడే ఉంటుంది. పదేళ్ళు వదిలేసినా అక్కడే తుప్పు పడుతుంది. ఇదీ అంతే అనుకున్నాను. నేను తగ్గించిందంతా ఆట నడుస్తున్నంత సేపే అని, బ్యాటరీ పూర్తిగా అయిపోయి మళ్ళీ మొదలుపెడితే సోనియా రాసిపెట్టిన ఆఫీసు స్పీడే లేస్తుందని నాకు తెలియదు. సోనియాను ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేది.

ఇంట్లోకి పోయాను. లూర్దు లాప్‌టాప్ ముందే ఉంది. ఆట అయిపోయిందని తెర మీద అక్షరాలు మెరుస్తున్నాయి. ఆమె చేతులు ఒళ్ళో ఉన్నాయి. ఒక చెయ్యి ఇంకొక చేతిని పట్టుకొని ఉంది.

“మందు... దొరికిందా?”

“దొరికింది.”

స్టూలు మీద కూర్చున్నాను. ఏం చేయాలో తెలియక కవరు విప్పి, మళ్ళీ మూశాను.

“నువ్వు తగ్గిస్తాండేది నాకు తెలుసు,” అంది.

నేను తల దించుకున్నాను. “ఎప్పటినుంచి?” అన్నాను.

“మొదటి దినం నుంచే. నేను లోపల జపంలో ఉంటే... ఈడ టిక్కని సప్పుడు. బతుకంతా టైపు కొట్టినదాన్ని. మీట సప్పుడు... నాకు తెలీదా?”

“మరి అడగలేదే.”

“నొక్కేసి వచ్చి... పిల్లి పాలు తాగినట్టు కూర్చుంటావు. నీ మొగం చూస్తే... అడగబుద్ధి కాలేదప్పా.”

ఆమె ఊపిరి తీసుకుంది. అంత మాట్లాడి చాలా రోజులైంది. నేను నీళ్ళు ఇచ్చాను. సగం గ్లాసు, ఎప్పటిలాగే, తొణకకుండా. తాగి, పైట చెంగుతో మెల్లగా మూతి తుడుచుకుంది.

“మా నాయన్ను పైకి తెచ్చినప్పుడు... వించి నిదానంగా లాగినారంట,” అంది.

గనిలో ఒక పద్ధతి ఉండేది. దెబ్బ తగిలినవాణ్ణి ట్రాలీలో పడుకోబెడితే బెల్లు వేరేగా కొడతారు. ఆ బెల్లు వింటే వించివాడు కుదుపు లేకుండా, నత్త నడకన లాగాలి. ట్రాలీలో ఉన్నవాడికీ ఆ సంగతి తెలుసు. తాడు దడదడ లాగితే పెద్ద దెబ్బ కాదని ధైర్యం తెచ్చుకుంటాడు. మెల్లగా లాగితే కళ్ళు మూసుకుంటాడు. లూర్దు నాన్న మీద రాయి పడింది మా పెళ్ళికి ముందు, వేరే షాఫ్టులో. “ఏంరా, ఇంత నిదానంగా లాగుతాండారు?” అని పక్కవాణ్ణి అడిగాడట. పక్కవాడు జవాబు చెప్పలేదట. నేను కూడా అలా చాలామందిని లాగాను. ఎవరి ముఖమూ చూసేవాణ్ణి కాదు. వించి దగ్గర నుంచి ట్రాలీ కనబడదు, తాడు మాత్రమే కనబడుతుంది.

“అట్లాంటిది కాదు లూర్దూ ఇది,” అన్నాను.

“తెలుసు.” ఆమె నా మోకాలి మీద చెయ్యి వేయబోయింది. చెయ్యి మోకాలు దాటిపోయి స్టూలు అంచు పట్టుకుంది. “నేనేమనుకున్నానంటే... నువ్వు భయస్తునివి. అన్నంలో ఉప్పేసినా... తగ్గించే ఏస్తావు. ఇదీ అట్లే... కావల్సినదానికంటే ఎక్కువ తగ్గించినావు. నా చేతులు... అంత పోలేదు. నీ భయమే ఎక్కువ. అట్లనుకున్నా. ఇన్ని దినాలూ.”

ఆమె చేతిని స్టూలు అంచు నుంచి తీసి నా మోకాలి మీద పెట్టుకున్నాను.

“ఇయ్యాల ఆఫీసు స్పీడులో లేసింది. మంచిదే... ఇంగ తేలిపోతాది అనుకున్నా. ఈయప్ప వచ్చేలోపల... ఒక వరస పగలగొట్టి పెట్టల్ల. చూసి... నోరు తెరుస్తాడు అనుకున్నా.” ఆమె తెర వైపు చూసింది. “ఒక్క బంతి పట్టలేదు. పవిత్ర పోయినాక కూడా... చానాసేపు ఆడినా. ఒక్కటంటే ఒక్కటి.”

ఆమె ఏడవలేదు. ఆ జబ్బులో ముఖం కదలదు, ఏడుపు కూడా సరిగ్గా రాదు. కళ్ళలోంచి నీళ్ళు మాత్రం కారాయి. తుడవాలని చెయ్యి ఎత్తింది. అది దారి వెతుక్కుంటూ ఉంటే నేనే తుడిచాను.

నా చెయ్యి ఎర్రచుక్క వైపు పోయింది.

“వద్దు.” ఆమె గొంతు గట్టిగా వచ్చింది. “నువ్వు ఆడు. ఈ స్పీడులోనే. నేను చూస్తా.”

“నాకు రాదు.”

“రాకపోతేనేమి. కూర్చో.”

ఆమె కుర్చీ పక్కకు జరిపి స్టూలు తెర ముందుకు లాక్కున్నాను. జీవితమంతా ఇనుప లివరు లాగిన వేళ్ళు. ఆ చిన్న మీటల మీద రెండు వేళ్ళు పెడితే నాలుగు మీటలు నొక్కుకుంటున్నాయి. బంతి వచ్చింది. పలక ఒక పక్కకు పోయింది, బంతి ఇంకొక పక్క పడింది.

“ఎడమకి...” అంది లూర్దు.

అప్పటికే బంతి పడిపోయింది.

మళ్ళీ బంతి వచ్చింది. ఆమె కళ్ళు దాన్ని పట్టుకున్నాయి. నాకంటే చాలా ముందే పట్టుకున్నాయి, నేను చూశాను. బంతి ఎక్కడ దిగుతుందో ఆమెకు తెలుసు. పెదాలు కదిలాయి. మాట గొంతులో ఎక్కడో ఉంది. బంతి పడింది. ఆ తర్వాత, “కుడికి,” అని వచ్చింది.

మూడోసారి ఆమె నోరు తెరిచింది. బంతి పడింది. మాట రాకముందే నోరు మూసుకుంది. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. బయట ఎవరో రేడియో పెట్టారు. ఆ మనిషి మాటలు గబగబా దొర్లిపోతున్నాయి.

చేతులు పోయాయని ఆమెకు ఈ మధ్యాహ్నం తెలిసింది. మాట కూడా అదే దారిలో ఉందని ఇప్పుడు నా పక్కన కూర్చొని తెలుసుకుంది. ఆ ముఖాన్ని నేను చూశాను. తాడును కాదు.

ఈసారి ఆమె జపానికి లేచిపోయేదాకా ఆగలేదు. ఆమె చూస్తుండగానే మూల మీట పట్టుకొని ఎర్రచుక్క నొక్కాను. మళ్ళీ నొక్కాను. టిక్, టిక్ అని ఇల్లంతా వినబడేలా నొక్కాను. ఆమె వద్దనలేదు. తల కూడా తిప్పలేదు. బంతి నిన్నటి స్పీడుకు వచ్చింది. అది దాటి, దానికీ కిందికి, నేను ఎప్పుడూ పోనంత కిందికి పోయింది. ఒక చుక్క జరిగి, ఆగి, ఇంకొక చుక్క జరుగుతూ ఉంది.

“నా చేతులు ఉండాయి,” అన్నాను. “ఎట్ల పోవాల్నో నాకు తెలీదు. నువ్వు చెప్పు.”

ఆమె కిటికీ వైపే చూస్తోంది.

“లూర్దూ. నీ మాట వచ్చేదాకా బంతిని రానీను. చెప్పు.”

బంతి ఇటుకల వరస నుంచి బయలుదేరి తెర సగానికి వచ్చింది. ఆమె తల మెల్లగా ఇటు తిరిగింది. కళ్ళు బంతిని వెతుక్కుని పట్టుకున్నాయి. గొంతు కదిలింది. నేను మీట మీద వేలు పెట్టుకొని కూర్చున్నాను. నా జీవితంలో ఎవరి మాట కోసమూ అంతసేపు చూడలేదు.

“ఎడమకి,” అంది.

జరిపాను. బంతి ఇంకా పైనే ఉంది. దిగి, పలకను తాకి, మళ్ళీ పైకి బయలుదేరింది. అది పైకి పోయి దిగేలోగా లూర్దు తర్వాతి మాటను నోట్లో కూడగట్టుకుంటూ ఉంది.